పుట్టగానే ఏడవని బాబుకి ఇప్పుడు ఆటిజం అంటున్నారు. రెండిటికీ సంబంధం ఉందా?

కాకినాడ_లక్ష్మి

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా బాబుకి 2 ఏళ్ల 10 నెలలు. పుట్టగానే ఏడవలేదు. ఉమ్మనీరు తాగేశాడన్నారు. ఎన్‌ఐసీయూలో (పుట్టిన పిల్లల ఐసీయూ) పెట్టారు, రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఇంటికొచ్చాక పాలు బాగానే తాగాడు కానీ మెడ 6 నెలలకి గానీ నిలబెట్టలేదు, ఏడాదిన్నర దాటాక నడిచాడు. ఇప్పుడు ఇల్లంతా పరుగే.

మాటలు లేవు. పిలిస్తే ఒక్కోసారి తిరుగుతాడు, ఒక్కోసారి తిరగడు. కళ్లలోకి చూడడు. ట్యూబ్‌లైట్ కేసి, తిరిగే ఫ్యాన్ కేసి అలా చూస్తూనే ఉంటాడు. బొమ్మలు ముందు పోస్తే పట్టించుకోడు.

ఒక డాక్టర్ గారేమో "పుట్టినప్పుడు మెదడు దెబ్బతింది, ఇదంతా దాని ప్రభావమే, ఆటిజం కాదు" అన్నారు. ఇంకొకరు "ఇది ఆటిజమే, ఆటిజం జీన్స్ వల్ల వస్తుంది, కాన్పుకి దీనికి సంబంధం లేదు" అన్నారు. ఇద్దరూ పేరున్నవాళ్లే. ఇంట్లోనేమో మా అత్తగారు నేను నొప్పులు ఓర్చుకోలేక ఆపరేషన్ అడిగానని, అందుకే ఇలా అయిందని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. ఎంఆర్‌ఐ రిపోర్ట్‌లో చివరి లైను "రెండు వైపులా పెరైటో ఆక్సిపిటల్ గ్లియోసిస్" అని ఉంది. దానర్థం ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఎవరి మాట వినాలి?

విశాఖ_రాజు

అమ్మా, ఇందులో ఆలోచించడానికేముంది? ఉమ్మనీరు తాగేదాకా చూస్తూ కూర్చున్నారంటే అది వాళ్ల నిర్లక్ష్యమే. కన్స్యూమర్ కోర్టులో కేసు వెయ్యండి. ఇలాంటివాళ్లని వదలకూడదు.

బాపట్ల_నాన్న

రాజు గారూ, కోపం అర్థమైంది కానీ ఆవిడ అడిగింది వేరే. నా అనుభవం చెప్తాను లక్ష్మి గారూ.

మాకు కవలలు, 29 వారాలకే పుట్టారు. ఇద్దరూ మగపిల్లలే, ఒకే ఎన్‌ఐసీయూ, పక్కపక్క ఇంక్యుబేటర్లు. పెద్దాడికి తల స్కాన్‌లో మెదడులో రక్తస్రావం కనిపించింది, రెండో గ్రేడ్ అన్నారు. మేం వాడి గురించే టెన్షన్ పడ్డాం. చిన్నాడి స్కాన్ నార్మల్. ఇప్పుడు పెద్దాడు మూడో తరగతి, ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు, అల్లరికి అంతు లేదు. ఆటిజం చిన్నాడికి. దెబ్బ తగిలితే ఆటిజం అనే లెక్క మా ఇంట్లో కుదరలేదు మరి. డాక్టర్ గారు ఎవరైనా ఉంటే దీన్ని కాస్త విప్పి చెప్పండి.

రిటైర్డ్_పిల్లల_డాక్టర్

లక్ష్మి గారూ, మీకు చెప్పిన ఇద్దరిదీ సగం సగం నిజం. "ఇది ఉంది కాబట్టి అది కాదు" అన్నారు చూడండి, పేచీ అంతా అక్కడే. ఆటిజం అనేది బిడ్డ ప్రవర్తన చూసి పెట్టే నిర్ధారణ. మెదడు దెబ్బ అనేది స్కాన్‌లోనూ పుట్టినప్పటి రికార్డుల్లోనూ దొరికేది. ఒకటి అప్పుడేం జరిగిందో చెబుతుంది, రెండోది ఇప్పుడు బిడ్డ ఎలా ఉన్నాడో చెబుతుంది. రెండూ ఒకే బిడ్డలో హాయిగా ఉండగలవు.

సంబంధం ఉందా అంటే, ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మీ బాబులాగే పుట్టిన తొలి రోజుల్లో ఫిట్స్, మగత, ఊపిరి ఇబ్బంది వచ్చిన పిల్లల్ని కొన్నేళ్లు గమనించి 2006లో ప్రచురించారు. వాళ్లలో 5 శాతం మందికి ఆటిజం తేలింది. ఏ ఇబ్బందీ లేకుండా పుట్టినవాళ్లలో అది 0.8 శాతం. దాదాపు 6 రెట్లు. పత్రికలవాళ్లు ఆ 6 రెట్లు పట్టుకుంటారు. నేను మిగతా 95 మందిని కూడా చూడమంటాను. అంత గండం గడిచినా వాళ్లకి ఆటిజం రాలేదు.

ఇప్పుడు జీన్స్ సంగతి. 1977లో లండన్‌లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రటర్ 21 కవల జంటల్ని పరీక్షించారు. అచ్చంగా ఒకేలా ఉండే 11 జంటల్లో 4 జంటలకి ఇద్దరికీ ఆటిజం. వేరు వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటకీ ఇద్దరికీ లేదు. అంతకుముందు తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని పెద్ద పెద్దవాళ్లే రాశారు, ఆ పాపం కడగడానికి ఈ పని చాలా ఉపయోగపడింది. ఆటిజంలో వంశపారంపర్యం బలంగా ఉందని దీనితోనే తెలిసింది. కానీ ఈ పేపర్లో రెండో సగాన్ని జనం మర్చిపోతారు. ఒకరికే ఆటిజం ఉన్న 17 జంటల్లో 12 జంటల్లో, ఆటిజం ఉన్న ఆ బిడ్డకే మెదడుకి హాని చేయగల ఘటన ఏదో జరిగింది. జన్యువుల్ని నిరూపించిన పేపరే పుట్టుక గండాల్నీ చూపించింది.

తర్వాత స్వీడన్ లెక్కల్లో, 2017లో, వంశపారంపర్యం వాటా 83 శాతం వచ్చింది. అది మొత్తం జనాభాకి చెప్పే లెక్క. మీ బాబులో 83 శాతం మీ ఇంటి జీన్స్, 17 శాతం కాన్పు అని పంచుకోవడానికి పనికిరాదు.

బాపట్ల నాన్న గారూ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో దాదాపు 7 శాతం మందికి ఆటిజం అని 2018లో చాలా అధ్యయనాలు కలిపి తేల్చారు. మీ ఇద్దరు పిల్లలూ ఆ గుంపులోనే ఉన్నారు. రెండో గ్రేడ్ రక్తస్రావం చాలామంది పిల్లల్లో పెద్ద నష్టం లేకుండా సర్దుకుంటుంది. స్కాన్ నార్మల్ అంటే అల్ట్రాసౌండ్‌కి కనిపించేంత పెద్ద తేడా లేదని మాత్రమే. మాడు మీద మెత్తటి చోటు నుంచి తీసే స్కాన్‌లో వెనకవైపు చిన్న మెదడు సరిగ్గా అందదు. చెవి వెనక నుంచి కూడా చూడాలి. పాత రోజుల్లో అలా ఎవరూ చూసేవారు కాదు, ఇప్పటికీ అన్నిచోట్లా చూడరు.

లక్ష్మి గారూ, మిమ్మల్ని కొన్ని అడగాలి. మీది మేనరికమా? ఎన్‌ఐసీయూలో షుగర్ ఎంత పడిందో డిశ్చార్జ్ సమ్మరీలో ఉందా? చెవి నుంచి మెదడుకి వెళ్లే నరాన్ని చూసే బేరా పరీక్ష అయిందా? కళ్ల డాక్టర్‌కి చూపించారా? చివరి ప్రశ్న ఊరికే అడగడం లేదు. గ్లియోసిస్ అంటే పాత గాయం మానిన మచ్చ. మీ రిపోర్ట్‌లో రాసిన చోటు తల వెనకభాగం, చూపుకి సంబంధించినది.

మాట_తక్కువ_మనిషి

నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఆటిజం ఉందని 22 ఏళ్లకి తెలిసింది. నేను నెలలు నిండి, సుఖ ప్రసవంలో, 3 కిలోల బరువుతో, వీధి చివరికి వినిపించేలా ఏడుస్తూ పుట్టానని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. మా మామయ్య కూడా అచ్చం నాలాగే, ఆయనకి ఎవరూ పేరు పెట్టలేదంతే.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ వేదికలో ప్రతి రెండు నెలలకీ ఒకసారి "ఎవరు చేశారు ఇది" అనే చర్చ వస్తుంది. డాక్టరా, ఇంజెక్షనా, అత్తా, టీకానా. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి పుట్టుకలో ఏ దెబ్బా లేదు. దెబ్బ తగిలిన పిల్లలు వేరే సహాయం కావలసినవాళ్లు, వాళ్లని సరిగ్గా చూడండి. మా అందర్నీ కలిపి దెబ్బతిన్న సరుకు లెక్కన మాట్లాడకండి.

గుంటూరు_అమ్మమ్మ

బాబూ, నువ్వన్నది న్యాయమే. లక్ష్మీ, మీ అత్తగారికి చెప్పు, కడుపులో బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆపరేషన్ చేసేది బిడ్డని బతికించడానికి. మా రోజుల్లో మంత్రసాని చేతిలో ఎంతమంది పోయారో నాకు తెలుసు. పుండు మీద కారం చల్లేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు తల్లీ.

డాలస్_సుధ

లక్ష్మి గారూ, ఆపరేషన్ గురించి ఒక మాట. స్వీడన్‌లో 27 లక్షల మంది పిల్లల రికార్డులు చూశారు, 2015లో వచ్చింది. సిజేరియన్ పిల్లల్లో ఆటిజం కొంచెం ఎక్కువ కనిపించింది. కానీ ఒకే తల్లి పిల్లల్లో సిజేరియన్‌తో పుట్టినవాళ్లనీ మామూలుగా పుట్టినవాళ్లనీ పోల్చేసరికి ఆ తేడా మాయమైంది. అంటే ఆపరేషన్ కారణం కాదు, ఆపరేషన్ దాకా తెచ్చిన పరిస్థితులో, ఆ కుటుంబంలో ముందే ఉన్నదో కారణం. నొప్పులు రావడానికి ఇచ్చే ఇంజెక్షన్ మీద కూడా ఇలాంటి అనుమానమే వచ్చింది, తోబుట్టువుల్ని పోల్చాక అదీ నిలబడలేదు. ఈ రెండు లైన్లూ మీ అత్తగారికి వాట్సాప్‌లో పెట్టేయండి.

మా పాప 26 వారాలకి పుట్టింది, చిన్న మెదడులో రక్తస్రావం ఉందని ఎంఆర్‌ఐలో తేలింది. ఇక్కడ డాక్టర్లు ఆ రోజే ఆటిజం గురించి జాగ్రత్తగా చూసుకోమన్నారు. 2007లో బోస్టన్‌లో కేథరీన్ లిమ్పెరోపౌలస్ బృందం ఇలాంటి పిల్లల్ని చూస్తే, చిన్న మెదడుకి మాత్రమే దెబ్బ తగిలినవాళ్లలో 37 శాతం మంది ఆటిజం స్క్రీనింగ్‌లో పాజిటివ్ వచ్చారు. ప్రిన్స్‌టన్‌లో శామ్ వాంగ్ అనే ఆయన 2014లో దీన్ని 36 రెట్లు రిస్క్ అని లెక్క వేశారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాపకి ఇప్పుడు 6 ఏళ్లు. ఆటిజం ఉంది, మాట్లాడుతుంది, నడక కొంచెం తూలుతుంది.

డాక్టర్ గారూ, ఇక్కడ పుట్టినప్పుడు ఊపిరాడని పిల్లల ఒంటిని, మెదడు దెబ్బ తగ్గడానికి, 72 గంటలు చల్లబరుస్తారు కదా, లక్ష్మి గారి బాబుకి అది చేసి ఉంటే?

రిటైర్డ్_పిల్లల_డాక్టర్

సుధ గారూ, స్క్రీనింగ్ పాజిటివ్ వేరు, నిర్ధారణ వేరు. ఆ 36 రెట్లు నిలబడింది కొద్దిమంది పిల్లల మీద, అందుకని అంకెని అంత గట్టిగా పట్టుకోకండి. దిశ మాత్రం నమ్మదగినదే. 24 వారాల నుంచి 40 వారాల మధ్య చిన్న మెదడు పెరిగే వేగం పెద్ద మెదడుకి కూడా ఉండదు. అలా పెరిగే దశలో దెబ్బ తగిలితే దానితో ముడిపడాల్సిన పెద్ద మెదడు భాగాలు కూడా సరిగ్గా అల్లుకోవు అన్నది వాంగ్ వాదన. పెద్దవాళ్లకి అదే చోట దెబ్బ తగిలితే నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఆటిజం మాత్రం రాదు. ఏ వయసులో తగిలిందన్నది అంత ముఖ్యం.

చల్లబరచడం గురించి. పాశ్చాత్య దేశాల్లో అది ప్రాణాలు కాపాడింది, మెదడునీ కాపాడింది. అదే మన దగ్గర పనిచేస్తుందా అని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పిల్లలతో హెలిక్స్ అనే ట్రయల్ చేశారు. 2021లో ఫలితం వచ్చింది. వైకల్యం తగ్గలేదు సరికదా చల్లబరిచిన పిల్లల్లో మరణాలు పెరిగాయి. మన పిల్లల్లో దెబ్బ కాన్పు గంటలో కాకుండా ముందే కడుపులో మొదలవుతోందేమోనని ఒక ఆలోచన. కాబట్టి "అది చేయించలేదే" అని లక్ష్మి గారు బాధపడక్కర్లేదు.

ఇంకొక సంగతి, కొంచెం పక్కదారి. 1861లో లండన్ సర్జన్ విలియం జాన్ లిటిల్ పిల్లల కాళ్లు చేతులు బిగుసుకుపోవడానికి (ఇప్పుడు సెరిబ్రల్ పాల్సీ అంటాం) కష్టమైన కాన్పే కారణమన్నాడు. 1897లో ఫ్రాయిడ్ దాన్ని తిరగేశాడు. అవును, ఆ ఫ్రాయిడే, మొదట ఆయన పిల్లల నరాల డాక్టరు. కడుపులోనే తేడా ఉన్న బిడ్డకే కాన్పు కష్టమవుతుందేమో కదా అన్నాడు. ఆటిజంలో కూడా ఈ ప్రశ్న ఇంకా తెగలేదు. పుట్టగానే ఏడవకపోవడం ఒక్కోసారి కారణం, ఒక్కోసారి అప్పటికే ఉన్నదానికి లక్షణం. ఒక బిడ్డని చూసి ఏది ముందో చెప్పగలనని ఎవరైనా అంటే నేను ఆయన దగ్గరికి పేషెంట్‌ని పంపను.

విశాఖ_రాజు

అంటే డాక్టర్లెవరూ ఎప్పుడూ తప్పు చేయరన్నమాట. బాగుంది సార్.

రిటైర్డ్_పిల్లల_డాక్టర్

చేస్తారు. నిర్లక్ష్యం జరిగిందని అనుమానముంటే రికార్డులు అడగండి. రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లోపు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. 3 ఏళ్లు దాచాలనీ ఉంది. ఆవిడ బాబుకి 2 ఏళ్ల 10 నెలలు. కేసు వేసినా వెయ్యకపోయినా ఆ కాగితాలు ఇప్పుడే తీసుకోవాలి, ఎందుకంటే వైద్యానికి కూడా అవే కావాలి.

కాకినాడ_లక్ష్మి

మాది మేనరికం కాదండీ. రికార్డుల ఫైల్ మా ఆయన నిన్న వెళ్లి తెచ్చారు, కాపీలు ఇచ్చారు. రెండో రోజు కాలమ్‌లో "షుగర్ 18" అని పెన్నుతో గుండ్రం చుట్టి ఉంది. దాని తర్వాతే ఫిట్స్ అని టైము రాశారు. చెవులకి పుట్టినప్పుడు ఓఏఈ అని ఒక పరీక్ష చేశారు, "పాస్" అని ఉంది. బేరా చేయలేదు. కళ్ల డాక్టర్ దగ్గరికి ఎవరూ పంపలేదు. వాడు కింద పడిన చిన్న బిస్కెట్ ముక్క కూడా ఏరుకుని తింటాడు, చూపు బాగానే ఉందనుకున్నాం.

రిటైర్డ్_పిల్లల_డాక్టర్

ఇది ముఖ్యమైన సమాచారం. అప్పుడే పుట్టిన బిడ్డకి 18 చాలా తక్కువ. షుగర్ బాగా పడిపోతే ఎక్కువగా దెబ్బతినేది తల వెనకభాగమే, మీ రిపోర్ట్‌లో రాసిన చోటే. ఊపిరాడకపోవడంతో కూడా అక్కడ కొంత దెబ్బ తగలొచ్చు, రెండూ కలిసే వచ్చి ఉంటాయి.

ఇలాంటి పిల్లల్లో కన్ను బాగానే ఉంటుంది, కంటి డాక్టర్ టార్చ్ వేస్తే నార్మల్ అంటాడు. కన్ను పంపిన బొమ్మని మెదడు చదవలేకపోతుంది. కార్టికల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. ఆ పిల్లలు లైట్ల కేసి చూస్తారు, తిరిగే ఫ్యాన్ కేసి చూస్తారు, ఎందుకంటే కదిలేది సులువుగా అందుతుంది. ముఖం లాంటి సంక్లిష్టమైనది చదవలేక కళ్లు తిప్పేసుకుంటారు. బొమ్మల కుప్పలో ఏదీ విడిగా కనిపించదు. మీరు మొదటి పోస్టులో రాసిన లక్షణాలు మళ్లీ చదువుకోండి. వాటిలో సగం ఆటిజానికీ సరిపోతాయి, దీనికీ సరిపోతాయి. బిస్కెట్ ముక్క గచ్చు మీద ఒంటరిగా ఉంటుంది, అందుకే దొరుకుతుంది.

అందుకని ఆటిజం లేదని చెప్పడం లేదు. రెండూ ఉండే పిల్లలు ఉన్నారు. చూపు సంగతి తేల్చకుండా ఆటిజం స్కోరు వేస్తే ఆ స్కోరుకి విలువ లేదంటున్నాను. 1964 రుబెల్లా వ్యాధి తర్వాత న్యూయార్క్‌లో స్టెల్లా చెస్ అనే సైకియాట్రిస్ట్ కడుపులోనే రుబెల్లా సోకిన 243 మంది పిల్లల్ని చూసింది. 10 మందికి పూర్తి ఆటిజం, 8 మందికి పాక్షికంగా. వాళ్లలో చాలామందికి చెవుడు, చూపు లోపం కూడా ఉన్నాయి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే కొందరిలో ఆటిజం లక్షణాలు తగ్గిపోయాయి. ఆ పేపర్ చదివిన దగ్గర్నుంచి నేను చెవి, కన్ను చూడకుండా ఏ బిడ్డకీ ముద్ర వేయలేదు.

మెదడు విద్యుత్ అలల్ని చూసే ఈఈజీ కూడా నిద్రలో తీయించండి. పుట్టినప్పుడు షుగర్ పడిన పిల్లలకి ఫిట్స్ తర్వాత మళ్లీ రావడం మామూలే. ఒక్కోసారి పైకి కనిపించవు.

హనుమకొండ_స్పీచ్_థెరపిస్ట్

లక్ష్మి అక్కా, డాక్టర్ గారు చెప్పినవాటికి నా వైపు నుంచి కొంచెం.

ఓఏఈ పాస్ అయితే చెవి బాగున్నట్టు కాదు. అది చెవి లోపలి భాగం వరకే చూస్తుంది. చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం పనిచేస్తుందో లేదో బేరాతోనే తెలుస్తుంది. పచ్చకామెర్లు బాగా ముదిరిన పిల్లల్లో ఓఏఈ పాస్ అయి బేరాలో అసలు అలలే రాని వాళ్లని నేను చూశాను. మీ బాబుకి కామెర్లకి లైట్ కింద పెట్టారా? పెట్టి ఉంటే బేరా అసలు వదలొద్దు.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. బొమ్మలన్నీ తీసేయండి. నేల మీద నల్లటి దుప్పటి పరిచి, దాని మీద ఒకే ఒక్క పసుపు బంతి గానీ ఎర్ర గ్లాసు గానీ పెట్టండి. గదిలో టీవీ, ఫ్యాన్ ఆపేయండి. మాట్లాడకండి. బాబు ఎంతసేపటికి చూస్తాడో, చూసి చేయి చాచేటప్పుడు ముఖం పక్కకి తిప్పుతాడో లేదో గమనించండి. తర్వాత అదే బంతిని పూల దుప్పటి మీద పెట్టి చూడండి. తేడా ఉంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. క్లినిక్‌లో పది నిమిషాల్లో పిల్లలు అవేవీ చేసి చూపించరు.

స్క్రీనింగ్ గురించి కూడా. 28 వారాల లోపు పుట్టిన 988 మంది పిల్లలకి అమెరికాలో ఎం-చాట్ (తల్లిదండ్రుల్ని అడిగే ఆటిజం ప్రశ్నల పట్టీ) చేస్తే 21 శాతం పాజిటివ్ వచ్చింది, 2009లో. నడక, చూపు, వినికిడి, తెలివి లోపాలున్న పిల్లల్ని పక్కన పెట్టి మళ్లీ లెక్కిస్తే అది 10 శాతానికి పడిపోయింది. "వేలు పెట్టి చూపిస్తాడా, మీరు చూపిస్తే అటు చూస్తాడా" అని అడిగే ప్రశ్నలో చూపు సరిగ్గా లేని పిల్లాడు ఎలా నెగ్గుతాడు?

కానీ ఒకటి, అన్నీ తేలేదాకా థెరపీ ఆపకండి. పేరు ఏదైనా వాడికి మాట కావాలి, చెప్పింది అర్థం కావాలి, తన పని తాను చేసుకోవాలి. వాటికి ఈరోజే మొదలుపెట్టొచ్చు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలు ఉన్నాయి, 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మొదలయ్యాయి. స్పీచ్, ఫిజియో, కళ్లు, చెవులు అన్నీ ఒకేచోట చూడాలనే ఉద్దేశం. కొన్నిచోట్ల పోస్టులు ఖాళీగా ఉంటాయి, నిజమే. అయినా అడగండి.

ఆశాకిరణం_సెల్స్

సోదరీ, బాధపడకండి. మెదడు దెబ్బ వల్ల వచ్చిన ఆటిజానికి స్టెమ్ సెల్స్‌తో అద్భుత ఫలితాలు. 3 సిట్టింగ్‌లలో మాటలు. వివరాలకి ఇన్‌బాక్స్‌లో...

నిర్వాహకుడు

పై సభ్యుడి ఫోన్ నంబర్ తొలగించాం, ఖాతా ఆపేశాం. పోస్ట్ మాత్రం ఉంచుతున్నాం, ఇలాంటివి ఎలా వస్తాయో అందరూ చూడాలని.

రిటైర్డ్_పిల్లల_డాక్టర్

ఉంచడం మంచిదే. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో స్టెమ్ సెల్స్‌ని మామూలు చికిత్సగా ఒప్పుకున్నది రక్తానికి సంబంధించిన జబ్బులకే. ఆటిజానికీ సెరిబ్రల్ పాల్సీకీ కాదు. ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగితే అది ట్రయల్ కాదు, చికిత్సా కాదు. హైపర్‌బేరిక్ ఆక్సిజన్ గదులు (గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పించేవి) కూడా ఇదే కోవ. "అప్పుడు ఆక్సిజన్ అందలేదు, ఇప్పుడు ఎక్కిద్దాం" అంటే తల్లిదండ్రులకి వెంటనే ఎక్కుతుంది. మచ్చ పడిన చోటికి ఇప్పుడు ఆక్సిజన్ పోస్తే కణాలు తిరిగి లేవవు.

బాపట్ల_నాన్న

మమ్మల్నీ ఒకాయన అడిగాడు, పొలం అమ్మమన్నంత పని చేశాడు. ఇంకో ఆయన టీకాల వల్లే అన్నాడు.

మాట_తక్కువ_మనిషి

టీకాల కథ 12 మంది పిల్లల మీద 1998లో రాసిన పేపర్. పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఇక దాని గురించి ఇక్కడ మాట్లాడొద్దు, ప్లీజ్.

డాలస్_సుధ

డాక్టర్ గారూ, ఇక్కడ మా పాపకి మెదడులో రక్తస్రావం తెలిసిన తర్వాత కూడా జెనెటిక్ టెస్ట్ చేయించారు. కారణం తెలిసిపోయింది కదా, ఎందుకని అడిగితే "ఒకటి దొరికిందని రెండోది వెతకడం ఆపం" అన్నారు. అక్కడ కూడా చేయించాలా?

రిటైర్డ్_పిల్లల_డాక్టర్

వీలైతే చేయించాలి. క్రోమోజోముల్లో తేడాలు వెతికే క్రోమోజోమల్ మైక్రోఅరే, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు లోపానికి పరీక్ష. మేనరికాలు ఎక్కువ ఉన్న మన ప్రాంతాల్లో మెటబాలిక్ జబ్బులు (ఒంట్లో తిండిని వాడుకునే రసాయన పనిలో పుట్టుకతో వచ్చే లోపాలు) కూడా చూడాలి. కొన్ని అచ్చం ఊపిరాడక దెబ్బతిన్నట్టే కనిపిస్తాయి. మళ్లీ కాన్పు అనుకునేవాళ్లకి ఇది మరీ అవసరం. కాన్పు గండమే కారణమైతే రెండో బిడ్డకి భయం తక్కువ, జీన్ కారణమైతే లెక్క వేరు.

2018లో మన దేశంలో 5 చోట్ల పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి పరీక్షించిన పెద్ద అధ్యయనం వచ్చింది, అందులో హైదరాబాద్ ఒకటి. పుట్టినప్పుడు ఊపిరాడకపోవడం, ఇంటి కాన్పు, తక్కువ బరువు, మెదడు ఇన్‌ఫెక్షన్లు, ఇవన్నీ ఎదుగుదల లోపాలతో ముడిపడి కనిపించాయి. వీటిలో చాలావరకు మనం తగ్గించగలిగినవే. మీరు జీన్స్, దెబ్బ అని వాదించుకుంటున్నారు గానీ, పుట్టిన బిడ్డకి మొదటి గంటలో పాలు పట్టించి షుగర్ చూసే నర్సు ఉంటే ఇలాంటి పోస్టులు కొన్ని రావు.

కాకినాడ_లక్ష్మి (ఐదు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నల్ల దుప్పటి మీద పసుపు బంతి పెట్టి చూశాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత బంతి కేసి చూశాడు, తల పక్కకి తిప్పేసుకుని చేత్తో తడుముతూ వచ్చి పట్టుకున్నాడు. పూల దుప్పటి మీద పెడితే అసలు వెతకలేదు. ఆ వీడియో చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో చూపించాం. కన్ను బాగుంది, మెదడు వైపు చూపు లోపం ఉందన్నారు. ఇంట్లో ఎలా ఆడించాలో, ఏ రంగులు వాడాలో, అన్నం పెట్టేటప్పుడు తెల్ల ప్లేట్ బదులు ఏది వాడాలో ఒక కాగితం రాసిచ్చారు. బేరా చేయించాం, చెవులు బాగున్నాయి. నిద్రలో ఈఈజీ తీస్తే తేడా ఉంది, మందు మొదలుపెట్టారు. ఆటిజం మాత్రం లేదని చెప్పలేదు. చూపు పని ఆరు నెలలు చేసి మళ్లీ పరీక్షిద్దామన్నారు.

ఇప్పుడు ఎర్ర బొట్టు బిళ్ల పెద్దది పెట్టుకుని వాడి ముందు కూర్చుంటున్నాను, మాట్లాడకుండా. నిన్న నా ముఖం కేసి చూశాడు. బొట్టు కేసే అనుకోండి.

ఒక సందేహం. దివ్యాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంప్‌కి స్లాట్ బుక్ చేద్దామనుకుంటున్నాం. ఆటిజం అని రాయించాలా, చూపు లోపం అని రాయించాలా? రెండూ రాస్తే ఏమైనా ఇబ్బందా?

హనుమకొండ_స్పీచ్_థెరపిస్ట్

అక్కా, బొట్టు కేసి చూసినా చూసినట్టే. అక్కడి నుంచి కళ్ల దాకా కొంచెమే దూరం.

సదరం విషయం: 2016 దివ్యాంగుల చట్టంలో ఆటిజం, చూపు లోపం, బహుళ వైకల్యం అన్నీ వేరు వేరుగా ఉన్నాయి. ఇప్పుడే తొందరపడి ఆటిజం అని రాయించొద్దు. ఆటిజానికి ఐసా స్కేల్‌తో స్కోరు వేస్తారు. మన సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ సంస్థలోనే తయారైంది, 40 అంశాలు. వాటిలో కళ్లలోకి చూడటం లాంటివి కూడా ఉంటాయి. ఇప్పుడు వేస్తే చూపు లోపం కూడా ఆటిజం ఖాతాలో పడుతుంది. ఆరు నెలల తర్వాత రెండో పరీక్ష అయ్యాక వెళ్లండి. చిన్న వయసులో ఇచ్చేది ఎలాగూ తాత్కాలిక సర్టిఫికెటే, మళ్లీ చూపించుకోవాలి.

బాపట్ల_నాన్న

నేను ఒప్పుకోను మేడమ్. సర్టిఫికెట్ ఉంటేనే నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా కొంత కలుస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే ఇస్తారు. చూపు లోపం ఒక్కటే రాయిస్తే రాదు. ఆరు నెలలు థెరపీ ఖర్చు ఎవరు భరిస్తారు?

రిటైర్డ్_పిల్లల_డాక్టర్

ఇద్దరూ ఆగండి. లక్ష్మి గారూ, స్లాట్ ఇప్పుడే బుక్ చేయండి, తేదీ దొరికేసరికి ఎలాగూ నెలలు పడుతుంది. వెళ్లేటప్పుడు ఎంఆర్‌ఐ, షుగర్ ఉన్న కేస్ షీట్, కళ్ల రిపోర్ట్, ఈఈజీ, బంతి వీడియో అన్నీ తీసుకెళ్లండి. ఏం రాయాలో బోర్డు నిర్ణయిస్తుంది, మీరు కాదు. మందు ఏ పేరు, ఎంత మోతాదు రాశారో ఇక్కడ కాదు, నాకు మెసేజ్‌లో పెట్టండి. బాబు బరువు కూడా.

కాకినాడ_లక్ష్మి

పెట్టాను సార్. 11 కిలోలు.